పంపకాల గోడ

సత్తుపల్లిలో సిమెంటు కొట్టు ముందు బస్తాలు ఆటోలోకి ఎక్కిస్తుంటే, గల్లా దగ్గర కూర్చున్న కొట్టాయన లోపలి నుంచే కేకేశాడు.

"మేస్త్రీ, నీకు ఎరికేనా? బస్తాల చెయ్యి పెట్టి చూసే అమ్మగారు పోయిందంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆమె మరిది తోటల పనిచేసేటాయన పైపుల కోసం వచ్చిండు. మొన్ననే అంట."

భుజం మీది బస్తా దించి నిలబడిపోయాను. నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, అనుమానం. నిజంగానే పోయిందా, లేక తను పోతే ఎవరేమంటారో విందామని ఆవిడే ఈ కబురు పుట్టించిందా అని. అలా అనుకున్నందుకు నాకే నవ్వొచ్చింది. ఇలా అనుకోవడం నాకు నేర్పింది ఆవిడే మరి.

నేను బీటలు వారిన గోడలు బాగుచేసే మేస్త్రీని. కొత్త ఇల్లు కట్టే మేస్త్రీకి కొబ్బరికాయ కొడతారు, కొత్త బట్టలు పెడతారు. నన్ను మాత్రం పన్ను పీకేవాణ్ణి పిలిచినట్టు పిలుస్తారు, వేరే దారి లేక, మొహం చిట్లించుకుని. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు దాకా నాకు పనికి కొదవ లేదు. సగం ఊళ్ళు నల్లరేగడి మీదే ఉన్నాయి. ఎండాకాలం ఆ నేల పగిలి గోడను చీలుస్తుంది, వానలకు ఉబ్బి గోడను తోస్తుంది. ఎన్నో ఇళ్ళు చూశాను. ఇంటివాళ్ళు గోడను చూసి భయపడతారు, నన్ను చూసి బేరమాడతారు. గోడనూ నన్నూ ఒకే చూపుతో చూసింది ఆవిడ ఒక్కతే.

మొదటిసారి వెళ్ళింది ఎండలు ముదిరిన రోజుల్లో. వేంసూరు దాటి లోపలికి పోతే అన్నీ పామాయిల్ తోటలు, ఆ తోటలు అయిపోయిన చోట అడవి. ఆ చివరి ఊరు వాళ్ళది. పెద్దల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. భర్త పోయాడు, పిల్లల్లేరు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మెడలో ఎప్పుడూ ఒక తాళంచెవుల గుత్తి. గేటు తాళం తీసి, నేను లోపలికి అడుగు పెట్టగానే మళ్ళీ వేసింది.

"నిన్నెవరు పంపారు?"

"మీరే ఫోన్ చేసిండ్రు గదమ్మా."

"చేశాను. ఆ మేస్త్రీవి నువ్వేనని ఏంటి గ్యారంటీ?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత ఎండలో బండి మీద వస్తే ఇదా మర్యాద? ఆవిడ తన ఫోన్ తెచ్చి నాకు చేసింది. నా జేబులో ఫోన్ మోగాక అప్పుడు వీధి తలుపు తీసింది. "నీ మీద అనుమానం కాదు మేస్త్రీ, అలవాటు" అంది.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సిమెంటు దిగగానే బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చేది. చల్లగా తగిలితేనే మంచి సరుకు. ఇసుక గుప్పెడు తీసుకుని రెండు చేతులతో రుద్ది, మట్టి అంటిందేమోనని అరచేతులు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసేది. ఈ పద్ధతి కొట్టుకు వెళ్ళి అక్కడి బస్తాల్లోనూ చేసి చూపించింది కాబట్టే ఆవిడంటే కొట్టాయనకు అంత గుర్తు. సాయంత్రం మిగిలిపోయిన బస్తా మూతికి దారంతో ఒక ముడి వేసేది. ఆ ముడి ఆవిడకు తప్ప ఎవరికీ రాదు. పొద్దున్నే వచ్చి ముడి చూసుకుని, తలూపి, అప్పుడు బస్తా నాకు అప్పజెప్పేది.

"అమ్మా, నేను దొంగనే అయితే అడుగున కోసి తీసుకుంట, మూతెందుకు విప్పుత?" అన్నాను ఒకరోజు కడుపు మండి.

మర్నాటి నుంచి బస్తాను పక్కకు దొర్లించి అడుగు కూడా చూడటం మొదలుపెట్టింది. నా నోరు పడిపోను!

"రేపు పొద్దున్నే వస్తనమ్మా" అంటే "ఏ రేపు?" అనేది. వానొచ్చేలా ఉందంటే "ఎవరన్నారు?" అనేది. సంతరోజు అడవి గూడెం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు తేనె తెచ్చారు. ఆవిడ ఆ తేనెలో వత్తి ముంచి వెలిగించింది, నీళ్ళ గ్లాసులో చుక్క వేసి అది అడుగుకు దిగేదాకా చూసింది. వాళ్ళిద్దరూ తమ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు.

"ఏమన్నారు? నన్నేనా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"నాకు కోయ మాట రాదమ్మా."

"రాదా, చెప్పవా?"

ఇంతా చేసి, తేనె మంచిదని తేలాక వాళ్ళు చెప్పిన ధరకే బేరమాడకుండా కొంది. సీసా లోపల పెట్టుకుని, ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపింది. అదొక వింత మనిషి. అనుమానం ఉంది గానీ పిసినారితనం లేదు. ఆ రెండూ ఎప్పుడూ జంటగా ఉంటాయనుకునేవాణ్ణి నేను.

ఇక గోడ సంగతి. ఒకప్పుడు అది ఒకటే పెద్ద పెంకుటిల్లు, మధ్యన పొడుగాటి సావిడి. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఆ సావిడి మధ్యలో నిలువునా గోడ లేపి పంచుకున్నారు. పంపకాల రోజు ఎవరి టేపు వాళ్ళు తెచ్చుకున్నారట. ఒకరి టేపు మీద ఇంకొకరికి నమ్మకం లేక రెండింటితోనూ కొలిచారట. కొత్త గోడ కడితే దాని కొసలు పాత గోడల్లోకి కరిపించాలి. పాత గోడలో అక్కడక్కడా ఇటుక తీసి, కొత్త ఇటుకను ఆ సందులోకి దూర్చాలి. అప్పుడే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "నా సగంలో ఉలి పెట్టొద్దు" అన్నాడట అన్న. "నా సగంలోనూ పెట్టొద్దు" అన్నాడట తమ్ముడు. కట్టిన మేస్త్రీ ఎవడో మహానుభావుడు, మీ ఇష్టమని, గోడను ఊరికే రెండింటి మధ్య నిలబెట్టి, పైన పూత పూసి, చేతులు కడుక్కుని పోయాడు. పని రాక చేసిన తప్పయితే తిట్టొచ్చు. వచ్చి కూడా చేసిన తప్పు ఇది.

ఇప్పుడా గోడ వీధివైపు కొస దగ్గర పాత గోడను వదిలేసింది. నేల నుంచి వాసాల దాకా సందు. చెయ్యి అడ్డం పెడితే అవతలి గాలి తగిలింది. గుండు కట్టిన దారం వేలాడదీసి చూశాను. గోడ ఒరిగింది కూడా. కానీ ఇటు కాదు, అటు, మరిది వాటా వైపు.

ఆ ముక్క ఆవిడతో అనలేదు. పడితే అటు పడే గోడకు ఈవిడకెందుకింత తొందర? ఫోన్లో "వానలకు ముందే, వానలకు ముందే" అని ప్రాణం తీసింది. గోడ బాగుచేయడం పేరుతో మరిది మీద కేసుకు ఏదో ఏర్పాటు చేసుకుంటోందని నాకు గట్టి అనుమానం కలిగింది.

"ఇది సిమెంటు మెత్తితే ఆగేది కాదమ్మా, కుట్లు వెయ్యాలె" అన్నాను. "కొత్త గోడల నుంచి పాత గోడలకు ఇనుప కడ్డీలు దూర్చి, కొసలు వంచి, మాలుతోని బిగించాలె. ఇటు సగం, అటు సగం. ఒక్క దిక్కు వేస్తే వేసినట్టు కాదు. అవతలోళ్ళు ఒప్పుకోవాలె."

మాలంటే మేము కలిపే సిమెంటూ ఇసుకా. ఆవిడకా మాట ముందే తెలుసు.

"మరిది ఒప్పుకోడు."

"అడిగిండ్రా?"

"అడిగితే అసలే ఒప్పుకోడు. నువ్వు ఇటు పని కానివ్వు. అటు సంగతి నేను చూసుకుంటాను."

భర్త పోయినప్పటి నుంచి మరిదితో మాటల్లేవు. అవతలి వాటాలో ఉండేది ఇద్దరే, ఆ మరిది, పక్షవాతం వచ్చి మంచం పట్టిన తోడికోడలు. నేను ఇటువైపు పూత చెక్కి, ఇటుకల మధ్య కడ్డీలు పట్టేలా గాళ్ళు తొలచడం మొదలుపెట్టాను.

అప్పుడే ఇంకో అనుమానం పట్టుకుంది. రోజూ అన్నాల వేళకు నన్ను బయటికి పంపేది. "పో, చింతచెట్టు కింద తిను, నేను పిలిచేదాకా రాకు" అని లోపల గడియ పెట్టుకునేది. సిమెంటు బస్తాకు ముడులు వేసే మనిషి నా ఉలీ సుత్తీ లోపలే ఉంచమని నన్ను గెంటడమేంది? గోడలో ఏదో దాచారు, నేను తొలిచిన చోట ఆవిడ తవ్వుకుంటోంది అనుకున్నాను. మా పనిలో ఇలాంటి కథలు బోలెడు వింటాం. రేపు ఏదైనా కనబడలేదంటే నా మెడకే చుడుతుంది గదా! పని వదిలేసి పోదామా అని కూడా అనిపించింది.

ఒకరోజు నా అన్నం డబ్బా లోపలే మరిచిపోయాను. ఆకలి దంచేస్తోంది. తలుపు కొడితే తిడుతుందని పక్క కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల ఆవిడ మాట్లాడుతోంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అంత మెత్తగా మాట్లాడటం ఆవిడకు వచ్చని కూడా నాకు తెలియదు.

"మళ్ళీ కారం దట్టించాడా? మింగలేనని చెప్పకపోయావా? సరే, కళ్ళు తుడుచుకో. ముందు కుడిచేయి కొంచెం పైకెత్తు. ఎత్తావా? అబద్ధమాడకు."

నేల మీద కూర్చుని, సందుకు చెంప ఆనించి ఉంది. కాసేపటికి అవతలి నుంచి నాలుక తిరగని గొంతు వచ్చింది. "ఎత్తానక్కా."

నా నీడ లోపల పడ్డట్టుంది. తల తిప్పి చూసింది. అయిపోయింది నా పని అనుకున్నాను. గడియ తీసుకుని బయటికొచ్చింది.

"విన్నావా?"

"విన్న."

"ఏం విన్నావు?"

"కూరల కారం ఎక్కువైందని."

ఆవిడ అరుగు మీద కూలబడింది. "వాడు తోటకు పోయే వేళ ఇదొక్కటే" అంది. "దాని ఫోన్లో ఎవరు మాట్లాడారో రోజూ నొక్కి చూస్తాడు. నేను వాళ్ళ గేటు దాటితే వీధి వీధంతా వాడికి చెబుతుంది. దాని మంచం తెచ్చి ఈ గోడ వారనే వేశాడు. ఒక రోజు ఏదో మూలుగు వినపడితే చెవి పెట్టాను. అట్లా మొదలైంది."

"మరి సందు పూడిస్తే ఎట్లమ్మా?"

"గుండు వేసి చూశావుగా. గోడ ఎటు ఒరిగింది?"

నేను దాచిపెట్టానన్న సంగతి ఆవిడకు తెలుసు. "అటు" అన్నాను.

"అటు ఎవరున్నారు?"

గోడ కదిలితే లేచి పక్కకు జరగలేని మనిషి అటు ఉంది. నేనింతకాలం కేసులనీ, గోడలో బంగారమనీ ఊహించుకుంటూ కూర్చున్నాను.

"గట్లయితే పోయి మరిదికి నిజం చెప్పరాదమ్మా? ఆయన పెండ్లామే గద."

"నీకు బుద్ధుందా? నీ పెళ్ళాం కోసం చేస్తున్నానంటే వాడు నమ్ముతాడా? వదినకు నా పెళ్ళాం మీద ఇంత ప్రేమేంటి, ఇందులో ఏదో ఉందని ఇనుము దగ్గరికి కూడా రానివ్వడు. నేనే గోడను తోశానంటాడు. నా లాభం కోసం చేస్తున్నానంటే మాత్రం చప్పున నమ్ముతాడు. నువ్వు నోరు కుట్టేసుకో. ఎటు ఒరిగిందంటే ఇటని చెప్పు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ వీధిలో నిలబడి కేకలు మొదలుపెట్టింది. ఆ గోడ తన భర్త కట్టించిందనీ, తన మీద పడబోతోందనీ, అందుకని పడగొట్టేసి అవతలికి జానెడు జరిపి కట్టుకుంటాననీ. మరిది లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు.

"జానెడా? నా సావిట్లో జానెడు నీకెవరిచ్చారు వదినా?"

"గోడ నాది. ఎక్కడ కట్టాలో నాకు తెలుసు."

"ఒక్క ఇటుక కదిపి చూడు, తెలుస్తుంది."

"కదపక? నా నెత్తిన పడితే నువ్వు ఎత్తుతావా?"

"పడకుండా బాగుచేసుకో, ఎవడొద్దన్నాడు!"

"బాగుచెయ్యాలంటే నీ వైపు కడ్డీలు దిగాలంట. నువ్వు ఒప్పుకుంటావా? ఒప్పుకోవు. అందుకే పడగొడుతున్నా. కానివ్వు మేస్త్రీ, గునపం తీసుకో."

నేను నిజంగానే గునపం పట్టుకున్నాను. ఒకవేళ ఈయన ఊరుకుంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆయన నన్ను పక్కకు లాగాడు.

"ఏయ్, నిజం చెప్పు. కడ్డీలు నా వైపు ఎంత లోపలికొస్తాయి?"

"జానెడు కూడ రావయ్యా. గోడల్నే ఉంటయి, పైకి కనపడవు."

ఆయన కళ్ళు మెరిశాయి. వదిన ఎత్తు దొరికిపోయిందనుకున్నాడు. "కడ్డీలు దింపుకో వదినా! గోడ మాత్రం వెంట్రుకవాసి జరగటానికి వీల్లేదు. నా వైపు పూత ఖర్చు కూడా నీదే" అన్నాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. నెత్తి కొట్టుకుంది, శాపనార్థాలు పెట్టింది, పోయిన భర్తను తలుచుకుంది. చివరికి ఓడిపోయినట్టు "చేసుకో, నీ పాపాన నువ్వే పోతావు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఏడుస్తోందని మరిది అనుకున్నాడు. నేను పక్కనుంచి చూశాను కాబట్టి నాకు తెలుసు.

అవతలివైపు పని చేస్తున్నంతసేపూ ఆయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. గాడి తొలిచిన ప్రతిసారీ లేచి టేపు పెట్టి లోతు చూసుకున్నాడు. ముందుగా మంచం అటు మూలకు జరపమన్నాను, దుమ్ము పడుతుందని చెప్పి. తోడికోడలు బక్కచిక్కిన మనిషి. మూతి ఒకవైపు వంకరపోయింది గానీ కళ్ళు మాత్రం నా చేతుల వెంటే తిరిగాయి. భర్త ఉండగా ఒక్క మాట ఆడలేదు.

రెండువైపులా కుట్లు పడ్డాయి. మిగిలింది ఆ సందు పూడ్చడమే. మనసొప్పక ఆవిడతో అన్నాను.

"అమ్మా, ఇనుము పట్టుకుంది, గోడ ఇక పడదు. కింద ఒక్క దగ్గర ఏలు పట్టేంత సందు ఉంచుత. ఇటు పెట్టె అడ్డం పెట్టుకోండ్రి."

ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఆవిడ ఆలోచించడం అదే మొదలు.

"వద్దు. ఇక వాడు రోజూ ఈ గోడ తడుముతాడు. సందు కనపడిందంటే అందులోంచి నేనేదో చేస్తున్నానని కడ్డీలన్నీ పీకించేస్తాడు. పూడ్చెయ్."

ఆ మధ్యాహ్నం కూడా నన్ను చెట్టు కిందకు పంపి గడియ పెట్టుకుంది. రోజూ కంటే చాలా ఆలస్యమైంది. నేను అన్నం తినలేకపోయాను. తలుపు తెరిచేసరికి ఆవిడ మొహం కడుక్కుని ఉంది. "కానివ్వు" అంది. నేను మాలు కూరుతూ, తాపీతో అదుముతూ పైదాకా వెళ్ళాను. వెనకాలే నిలబడింది. ఇసుక ఎంత కలిపావని అడగలేదు, వేలు పెట్టి చూడలేదు. అడిగితే బాగుండునని నాకు ఎంత అనిపించిందో! ఒక్కసారి తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆ ఊరికి పని పడలేదు. ఆవిడ కబురు విన్నాక బస్తాలు దింపేసి నేరుగా వెళ్ళాను. అవతలి వాటా వాకిట్లో షామియానా కింద మరిది కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమన్నాడు.

"గుర్తుందా మేస్త్రీ? గోడ జరపాలని ఎంత గోల చేసింది! జరపనిచ్చానా?"

మనిషి పోయిన ఇంట్లో ఈ మాటేంది అనిపించింది నాకు. ఇక ఉండబట్టలేదు.

"అయ్యా, ఆ గోడ మీ దిక్కే ఒరిగింది. పడితే మీ ఇంటామె మంచం మీద పడేది. ఆమె కోసమే చేయించింది. జరిపేది గిరిపేది అంత ఉత్తదే."

ఆయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు.

"ఈ మాట నాతో అనమని వదిన నీకెప్పుడు చెప్పింది?"

"చెప్పమనలేదయ్యా. చెప్పొద్దన్నది."

"అదీ సంగతి. చెప్పొద్దంటే చెబుతావని తెలుసు వదినకు" అని తలూపుకుంటూ, వచ్చినవాళ్ళను పలకరించడానికి లేచిపోయాడు.

లోపలి నుంచి తోడికోడలు చెయ్యి ఊపి పిలిచింది. మంచం మళ్ళీ గోడ వారనే ఉంది. మాట కొంచెం బాగుపడింది.

"ఆ మేస్త్రీవి నువ్వేగా?"

"అవ్ అమ్మా."

"ఒక్క వేలు పట్టేంత సందు ఉంచమని మా అక్క నిన్ను బతిమాలిందంటగా? నువ్వు ససేమిరా అన్నావంటగా? ఆ చివరిరోజు నాతో చెప్పింది. ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకోని రోజు లేదు."

తోడికోడలు కన్ను తిప్పకుండా నన్నే చూస్తోంది.

"నిజం చెప్పు. ఊరికే అడుగుతున్నాలే. అక్క అసలు నిన్ను అడిగిందా? తనకే విసుగొచ్చి పూడ్పించేసిందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది."

"అడిగిందమ్మా" అన్నాను. "చానాసార్లు అడిగింది. నేనే ఒప్పుకోలె."

"అయితే అడిగిందన్నమాట" అని ఆవిడ కళ్ళు మూసుకుంది.